అడుగు వైపు చూశావా: గ్రానైట్ క్వారీలో నేర్చిన చైనీస్

మదనపల్లెలో మా మిద్దె మీద రోజూ పొద్దున ఆరున్నరకు ఏడుగురు పిల్లలు కూర్చుని చైనీస్ చదువుతారు. వాళ్ళకు చెప్పేది ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు గనక.

ఆ మధ్య ఒక కాలేజీ వాళ్ళు పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. స్టేజీ ఎక్కబోతుంటే ఒక లెక్చరరు చెవి దగ్గరికొచ్చి, "సార్, మీ క్వాలిఫికేషన్ ఏమని చెప్పల్ల?" అన్నాడు.

"కుప్పం క్వారీ అని చెప్పప్పా" అన్నాను.

ఆయన మైకు పట్టుకుని "ప్రముఖ అనువాదకులు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను అనువాదకుణ్ణి కాను, ప్రముఖుణ్ణి అసలే కాను. కుప్పం దగ్గర శాంతిపురం పక్కన ఒక గ్రానైట్ క్వారీలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. మొదట్లో రాళ్ళ మీద పెయింటుతో నంబర్లు రాశాను. తర్వాత కొనేవాళ్ళకు రాళ్ళు చూపించాను. ఆ తర్వాత చైనా నుంచి వచ్చేవాళ్ళకూ మా ఓనరు చెంగప్పగారికీ మధ్య నిలబడి మాట చేరవేశాను. అలా నిలబడటమే నా ఉద్యోగం. క్వారీ అని చెప్పుకోవడంలో తక్కువేముందో ఆ లెక్చరరును ఈరోజుకీ అడగాలని ఉంది.

ఇప్పుడు మా పక్క పిల్లలు చైనా పోయి సగం పూట భాష చదివి, సగం పూట ఫ్యాక్టరీలో పని నేర్చుకునే కోర్సుల్లో చేరుతున్నారు. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారని మా మిద్దె మీద చదివిన పుంగనూరు పిల్ల హేమ చెప్పింది. అది విన్న రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు. ముప్పై ఏళ్ళ కింద నేను ఏ పేరూ లేకుండా చేసింది అచ్చంగా అదే. అప్పుడు నన్ను చూసి నవ్వినవాళ్ళు ఇప్పుడు తమ మనవళ్ళను నా దగ్గరికి పంపిస్తున్నారు. రానీ. కోపం వాళ్ళ మీదే గానీ పిల్లల మీద కాదు.

లింగప్ప

ఆయన పేరు లిన్. దక్షిణ చైనాలో సముద్రం ఒడ్డున షియామెన్ అనే ఊరుంది. అక్కడి ఒక రాతి ఫ్యాక్టరీ తరఫున రాళ్ళు ఎంచుకోవడానికి ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చేవాడు. అప్పటికే యాభై దాటిన మనిషి. వచ్చిన రెండో రోజే మా కూలీలు ఆయనకు లింగప్ప అని పేరు పెట్టేశారు. "లింగప్పా, టీ తాగుతావా?" అంటే తలెత్తి "తాగుతా" అనేవాడు. తెలుగులో ఆయనకు వచ్చింది ఆ ఒక్క మాటే, దాన్ని మాత్రం కుప్పంలో పుట్టినవాడిలా పలికేవాడు.

ఆయన చేతిలో ఎప్పుడూ ఒక బకెట్ ఉండేది. రాయిలో సన్న పగులు ఉంటే మామూలుగా కంటికి కనపడదు. నీళ్ళు పోసి ఊరికే నిలబడాలి. ఎండకు పైనంతా ఆరిపోతుంది. పగులు ఉన్నచోట మాత్రం నీళ్ళు లోపలికి దిగి ఉంటాయి గనక అక్కడ తడి నిలిచి, పెన్సిలు పెట్టి లాగినట్టు నల్లగా కనిపిస్తుంది. దాన్ని మేం గీత అంటాం. గీత ఉన్న రాయిని రంపం కింద పెడితే నడుమకు చీలుతుంది.

అందరూ నీళ్ళు పోసి బీడీ తాగడానికి పోతారు. లిన్ పోడు. రాయి ఆరేదాకా అక్కడే నిలబడి, తడి వేలితో పక్క రాయి మీద ఏవో రాస్తుండేవాడు. ఒకరోజు నేను వంగి చూశాను. ఆయన రాయిని తట్టి చూపించి "షి" అన్నాడు. రాయి అని అర్థం. నన్ను కూడా రాయమని వేలు చూపించాడు.

మే నెలలో శాంతిపురం ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. ఐదో గీటు పెట్టేలోపు మొదటి గీటు ఆవిరైపోయేది. నేను మళ్ళీ రాసేవాణ్ణి, ఆయన మళ్ళీ నవ్వేవాడు. నాకు బడిలో అక్షరాలంటే భయం ఉండేది. పలక మీద తప్పు రాస్తే అయ్యవారు వచ్చి చూసేదాకా ఆ తప్పు అక్కడే కూర్చునేది. ఇక్కడ తప్పు రాస్తే సూర్యుడే తుడిచేస్తాడు. ఇంత మంచి పలక నాకు చిన్నప్పుడు ఎవరూ ఇవ్వలేదు. రెండేళ్ళలో ఆ రాళ్ళ మీదే ఆరేడువందల అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పటికీ మా మిద్దె మీద ఒక నల్ల పలకరాయి, ఒక కుంచె, ఒక చెంబు నీళ్ళు తప్ప వేరే పరికరాలు లేవు.

చైనీస్‌లో ఒకే మాటను నాలుగు రకాలుగా ఎత్తి దించి పలకాలని విని పిల్లలు బెదిరిపోతారు. నేను వాళ్ళను "అప్పా" అనమంటాను. దూరంగా ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు ఒక రకంగా అంటారు. బస్సు పోయిందా అని అడిగేటప్పుడు ఇంకో రకంగా అంటారు. విసుగొస్తే ఒకటి, బతిమాలితే ఒకటి. మనకు పుట్టుకతోనే ఆ చెవి ఉంది. అందులోనూ కుప్పం పిల్లలు అరవం, కన్నడం, తెలుగు ఒకే అంగడి ముందు విని పెరుగుతారు. వాళ్ళకు ఇంకో భాష నేర్చుకోవడం చేతకాదని ఎవరన్నా అంటే నాకు చెప్పండి, వచ్చి మాట్లాడతాను.

పొద్దున బడి, మధ్యాహ్నం యార్డు

చెంగప్పగారు నన్ను మూడు నెలలు షియామెన్ పంపించారు. రాయి కోత చూసి రమ్మని ఆయన ఉద్దేశం. లిన్ ఇంకో ఏర్పాటు చేశాడు. పొద్దున ఒక రిటైరైన పంతులమ్మ దగ్గర పాఠం, మధ్యాహ్నం ఫ్యాక్టరీ యార్డులో పని. ఆ మూడు నెలలు నా జీవితంలో ఒక పెద్ద పండగ.

పంతులమ్మ పొద్దున పదికి "దయచేసి కొంచెం నెమ్మదిగా చెప్పండి" అనే మాట నేర్పితే, మధ్యాహ్నం మూడుకు క్రేను కింద నిలబడి ఆ మాటే అరిచి చెప్పాల్సి వచ్చేది. అవసరం పడ్డ మాట మరిచిపోలేం. యార్డులో కూలీలు తమలో తాము మాట్లాడుకునేది మాత్రం ఆ పక్క ఊరి భాష, పంతులమ్మ నేర్పే భాష కాదు. మొదటివారం ఒక్క ముక్క అర్థం కాక ఏడుపొచ్చింది. పంతులమ్మతో చెప్పుకుంటే ఆమె కూడా ఆ భాష తనకు సగమే అర్థమవుతుందని చెప్పి నవ్వింది. అప్పుడు ధైర్యం వచ్చింది.

అందుకే పోయే పిల్లలకు చెబుతున్నాను. బడి ఒక్కటే పెట్టుకుంటే పుస్తకం భాష వస్తుంది, దాంతో టీ కూడా దొరకదు. పని ఒక్కటే పెట్టుకుంటే నాలుగు తిట్లు, పది అంకెలు వస్తాయి, దాంతో ఉత్తరం రాయలేరు. రెండూ ఒకే రోజులో ఉండాలి. ఇంటర్న్‌షిప్ అని పేరు పెట్టి అట్టపెట్టెలు కట్టించే చోట్లు కూడా ఉన్నాయి. పోకముందే అడగండి, నాకు పని నేర్పే మనిషి పేరేమి అని. పేరు చెప్పలేకపోతే అక్కడ నేర్పేవాడు లేడని అర్థం. చదువు వీసా మీద పోయినవాళ్ళు ఫ్యాక్టరీలో కాలు పెట్టాలంటే బడి అనుమతి రాతలో ఉండాలి. నోటిమాట మీద పోయి, తర్వాత నాకు ఫోన్ చేసి ఏడిస్తే నేనేమీ చేయలేను.

నేను చెప్పిన అబద్ధం

ఇది రాయకుండా తప్పించుకోవచ్చు. అప్పుడు మిగతాదంతా రాసి లాభం లేదు.

షియామెన్ నుంచి వచ్చిన మరుసటి ఏడు మా క్వారీలో ఒక గొప్ప రాయి లేచింది. అంత పెద్దది, అంత నల్లనిది అంతకుముందు రాలేదు. కానీ దానికి ఒక గీత ఉంది. చెంగప్పగారు రాతిపొడి, జిగురు కలిపించి పై వైపు పూత వేయించారు. పూత మీద నీళ్ళు పోస్తే ఏమీ కనపడదు. గీత కనపడాలంటే రాయిని తిప్పి, నేలకు ఆనుకున్న అడుగు వైపు తడిపి చూడాలి.

లిన్ వచ్చాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది, క్రేను రిపేరులో ఉంది. పైన నీళ్ళు పోసి ఆరేదాకా చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "షావ్ నాన్, అడుగు వైపు చూశావా?" అన్నాడు. నా పేరు నంజప్ప. ఆయనకు నోరు తిరగక చిన్న నాన్ అనే అర్థంతో షావ్ నాన్ అని పిలిచేవాడు.

చెంగప్పగారికి భాష రాకపోయినా ప్రశ్న అర్థమైంది. "సూసినా, బాగుండాదని సెప్పు నంజప్పా" అన్నారు.

నేను చెప్పాను. ఓనరు మాటగా కూడా చెప్పలేదు. "నేను చూశాను, బాగుంది" అన్నాను.

లిన్ బకెట్ పక్కన పెట్టి సంతకం చేశాడు. క్రేను కోసం ఒక రోజు ఆగమని ఆయన అడగలేదు. తను నేర్పిన మనిషి చూశానన్నాడు గదా.

షియామెన్‌లో ఆ రాయి రంపం కింద రెండుగా చీలింది. రంపం విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది వాళ్ళ అదృష్టం, నాది కూడా. సంతకం లిన్‌ది గనక ఆయన్ను కొనుగోలు పని నుంచి తీసేశారు. తర్వాత ఎవరో కుర్రవాడొచ్చాడు, వాడికి తెలుగులో ఏ మాటా రాలేదు. "లింగప్ప యాల రాలే?" అని మా కూలీలు అడిగితే, ఒంట్లో బాగాలేదంట అని చెప్పాను. అది రెండో అబద్ధం.

చెంగప్పగారు చెడ్డవారు కాదు. నాకు పని ఇచ్చారు, దేశం చూపించారు. అయినా రాస్తున్నాను. మధ్యలో నిలబడి మాట చేరవేసేవాడికి ఓనరు నోరు అప్పుగా వస్తుంది, కళ్ళు మాత్రం తన సొంతవే. చూడనిదాన్ని చూశానని చెప్పకూడదు. ఇది ఏ బడిలోనూ నేర్పడం లేదు.

హేమ

హేమ బీకాం చదివి రెండేళ్ళు మా మిద్దెకు వచ్చింది. పుంగనూరు నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చేది. వాళ్ళమ్మ భారతమ్మకు పుంగనూరులో స్టీలు పాత్రల అంగడి ఉంది. షియామెన్ కోర్సు సంగతి మాట్లాడటానికి నేనే వెళ్ళాను.

"బీకాం సదివిన పిల్ల రాళ్ళ ఫ్యాక్టరీలో ఏం జేస్తాది సార్?" అంది భారతమ్మ.

"మీ అంగట్లో ఏం జేస్తాది?"

"గిన్నెలమ్ముతాది."

"ఆడ రాళ్ళు అమ్మేది నేర్సుకుంటాదమ్మా. గిన్నెలకంటే బరువు, అంతే."

భారతమ్మ నవ్వలేదు. ఒక గిన్నె తుడుస్తూ, "ఒక్క ఏడు సార్. మధ్యలో తిరిగొచ్చిందంటే మళ్ళా సదువు, భాష అనే మాట మా ఇంట్లో ఎత్తగూడదు. మీరూ ఎత్తగూడదు" అంది. హేమ కౌంటరు వెనక నిలబడి నా వైపు చూసి తలూపింది.

కోర్సు ఒక ఏడు, ఆరేసి నెలలు రెండు సగాలు. ప్రతి సగానికీ ఈ పిల్లకు పని నేర్పుతామని ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం కావాలి. మొదటి ఉత్తరం ఇప్పించింది సుధాకర్, చెంగప్పగారి కొడుకు. తండ్రి పోయాక క్వారీ అతనే చూస్తున్నాడు, లిన్ పనిచేసిన ఫ్యాక్టరీకే ఇప్పటికీ రాళ్ళు పంపుతాడు, హేమ చేరిందీ అందులోనే. రెండో ఉత్తరం కూడా అతని మాట మీదే రావాలి.

ఐదో నెలలో ఒకరోజు పొద్దున ఏడున్నరకు హేమ ఫోన్ చేసింది. అక్కడ పది అయి ఉంటుంది. వెనక క్రేను చప్పుడు వినిపిస్తోంది.

"సార్, యాడుండారు?"

"మిద్దె మీదే ఉండాను. చెప్పమ్మా."

"మన పక్క రాయి ఒకటి వచ్చిండాది సార్, సుధాకరన్న పంపింది. రంపం కాడికి తీసకపోతాండారు. క్వారీలో నీళ్ళు పోసి చూసినారా, కనుక్కుని చెప్పమని యార్డు పెద్దాయన నన్ను అడిగినాడు. మన పక్క పిల్లను గదా, నేనేం చెప్తే అదే రాసుకుంటాడు. నిన్ననే సుధాకరన్న ఫోన్ చేసి, ఎవరన్నా అడిగితే అంతా చూసినామని చెప్పేయమన్నాడు. నాకు రెండో ఉత్తరం కూడా తన మాట మీదే రావల్ల గదా అన్నాడు."

"నువ్వేం సూసినావు?"

"పైన ఒక పక్క మెరుపు తక్కువగా ఉండాది. అంతే సార్. అది పూతో కాదో నాకు తెలీదు. ఐదు నిమిషాలు అడిగి పక్కకొచ్చినాను."

ముప్పై ఏళ్ళ తర్వాత అదే క్వారీ, అదే ఫ్యాక్టరీ, అదే ప్రశ్న. ఈసారి నిలబడింది ఇరవై మూడేళ్ళ పిల్ల. నేను చెప్పే మాట వల్ల ఆ పిల్ల తిరిగొచ్చి జీవితమంతా గిన్నెలు తుడవచ్చు. లిన్ సంగతి అంతవరకూ ఎవరికీ చెప్పలేదు, రెండు ముక్కల్లో చెప్పాను. "అప్పుడు నేను సూడకుండా సూసినానని చెప్పినానమ్మా. నాకు అక్షరాలు నేర్పిన మనిషి పని పోయింది."

"అయితే నేనేం జెయ్యాల?"

"బకెట్ ఉందా?"

"ఉండాది."

"నీళ్ళు పొయ్యి. ఫోన్ మాత్రం పెట్టేయొద్దు."

నీళ్ళ చప్పుడు వినిపించింది. ఎవరో చైనీస్‌లో ఏం చేస్తున్నావని అడిగారు. హేమ ఆరేదాకా ఆగమంది. మా మిద్దె మీద నా ఏడుగురు పిల్లలూ కుంచెలు పట్టుకుని నా ముఖమే చూస్తున్నారు. చాలాసేపటికి హేమ, "ఏమీ లేదు సార్. శుభ్రంగా ఆరిపోయింది" అంది. ఆ గొంతులో ఎంత సంతోషమో.

నాకూ అక్కడితో వదిలేయాలనిపించింది. నిజం చెబుతున్నాను.

"అడుగు వైపు సూసినావా?" అన్నాను.

రాయి తిప్పాలంటే క్రేను మళ్ళీ కట్టాలి, రంపం ఆపాలి. పని నేర్చుకునేదానికి వచ్చిన పిల్ల ఆ మాట అడగాలి. హేమ అడిగింది. పెద్దాయన కేకలేశాడు. ఎందుకు తిప్పాలని అడిగితే హేమ, "క్వారీలో చూశారో లేదో నాకు తెలీదు, నేను చూడలేదు, చూసి చెప్తాను" అంది. ఆ మాటలు ఫోన్లో విన్నాను. ఉచ్చారణ ఎక్కడా తప్పలేదు. పంతులుగా నాకు ముందు అదే తోచింది, ఏం చేయను.

గొలుసుల చప్పుడు. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ ఆగడం.

"సార్" అంది హేమ మెల్లగా. "గీత ఉండాది. ఈ మూల నుంచి ఆ మూలకు."

ఆ రాయిని పారేయలేదు. గీత వెంబడే కోసి రెండు మంచి ముక్కలు చేసుకున్నారు. ముందే చెప్పి ఉంటే ముప్పై ఏళ్ళ కింద కూడా అదే చేసేవాళ్ళు. ఇంత చిన్న సంగతి కోసం నేను నా మాట పోగొట్టుకున్నాను.

సాయంత్రం సుధాకర్ ఫోన్ చేశాడు. "మా నాయన పెట్టిన కూడు తిన్నావు గదా పెద్దాయనా, ఇట్ల జేస్తావా?"

"తిన్నానప్పా. దానికే ఒకసారి నోరు మూసుకున్నా. రెండోసారి ఆ పిల్ల నోరు మూయల్లంటే నావల్ల గాదు."

అతను హేమకు మాట సాయం చేయనన్నాడు, చేయలేదు. మూడు వారాలు ఉత్తరం లేదు. నేను భారతమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె అంతా విని, "మా అంగట్లో కూడా సొట్ట గిన్నె సొట్ట అని చెప్పే అమ్ముతాము సార్" అని పెట్టేసింది. నాలుగో వారం ఉత్తరం వచ్చింది. కేకలేసిన యార్డు పెద్దాయనే స్వయంగా రాశాడట. ఆ కాగితం హేమ ఫోటో తీసి పంపితే మా పిల్లలచేత గట్టిగా చదివించాను. "నీళ్ళు పోసి ఆగడం తెలిసిన మనిషి" అని ఉంది అందులో.

ఆరేదాకా

ఆ యార్డు పెద్దాయన హేమను అడిగాడట, అడుగు వైపు చూడాలని నీకెవరు చెప్పారని. మా లావ్‌షీ, అంటే మా పంతులు, ఆయనకు లిన్ అనే ఆయన నేర్పాడు అని చెప్పిందట. ఆ పేరు విని పెద్దాయన పని ఆపి ఆ పిల్ల వైపు చూశాడట. లిన్ ఇంకా ఉన్నాడని ఆయనే చెప్పాడు. షియామెన్‌కు రెండు గంటల దూరంలో కూతురింట్లో ఉన్నాడు. ఎనభై దాటింది.

ఒక ఆదివారం హేమ పోయి ఆయన ముందు వీడియో ఫోన్ పెట్టింది. నేను వారం రోజులు రాసుకున్న క్షమాపణ చేతిలో ఉంది. చదివాను. నేను చూడలేదు, చూశానని చెప్పాను, అని మొదలుపెట్టి చివరిదాకా చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"నా వల్ల కూడా తప్పు జరిగింది. నేను నేర్పినవాడి మాటే అయినా క్రేను వచ్చేదాకా ఆగి ఉండాల్సింది" అన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, "షావ్ నాన్ కాదు, నువ్విప్పుడు లావ్ నాన్‌వి" అన్నాడు. పెద్ద నాన్ అని. "టీ తాగుతావా?" అని నేను తెలుగులో అడిగాను. "తాగుతా" అన్నాడు లింగప్ప.

ఆయన తన వాకిట్లో రాతి బల్ల మీద తడి వేలితో ఏదో రాయడం మొదలుపెట్టాడు. నేను కుంచె ముంచి మా నల్ల పలకరాయి మీద అదే అక్షరం రాశాను. రాయి. మొదటిరోజు రాసిందే. ఈసారి ఐదు గీట్లూ ఆరకముందే పూర్తయ్యాయి. అక్కడ ఎండ ఉంది, మదనపల్లెలోనూ ఎండ ఉంది. ఇద్దరం ఆరేదాకా ఆగాం. ఆయన బల్ల ఆరింది. నా పలక ఆరింది. దగ్గరగా వంగి చూశాను. ఎక్కడా గీత లేదు.